పాంప్లెట్‌లో మొదట ఏం కనబడాలి?

ఆదివారం పొద్దున పేపరు విప్పితే ఆదిభట్లలో ముందు చేతికొచ్చేవి వార్తలు కావు, మధ్యలోంచి జారిపడే రంగు కాగితాలు. ఔటర్ రింగ్ రోడ్డు, టీసీఎస్ క్యాంపస్, విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారుచేసే టాటా కర్మాగారాలు వచ్చాక ఇబ్రహీంపట్నం మండలంలో ఈ పక్క భూమికి గిరాకీ పెరిగింది. దాంతోపాటే ప్లాట్ల పాంప్లెట్లు, స్కూలు అడ్మిషన్ల కాగితాలు, హాస్టళ్లవి, క్లినిక్కులవి, కొత్త టిఫిన్ సెంటర్లవి కూడా పెరిగాయి. వాటిలో చాలావాటి బతుకు గుమ్మం నుంచి చెత్తబుట్ట దాకానే.

కాగితం నాసిరకమనో, రంగులు తక్కువయ్యాయనో అనడానికి లేదు. నున్నటి ఆర్ట్ పేపర్ మీద మల్టీకలర్‌లో మెరిసిపోతూనే ఉంటాయి. చేతిలోకి తీసుకున్నాక ఎక్కడ మొదలుపెట్టి చదవాలో తెలియకపోవడమే అసలు చిక్కు. ప్రతి అక్షరమూ తననే ముందు చూడమంటుంది. పేజీని డిజైన్ చేయడమంటే చదివేవారి కన్ను ఎక్కడ దిగి, ఎటు నడిచి, ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోవడం. రంగులు, బొమ్మలు, బోర్డర్లు ఆ తర్వాతి సంగతి.

ఈ తేల్చుకోవడానికి కొన్ని సూత్రాలున్నాయి. కళాశాలలో చదివితేనే వచ్చేవేం కావు. డీటీపీ సెంటర్‌లో ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే ఎవరికైనా పనికొస్తాయి. ఊహించుకున్న ఒక పాంప్లెట్‌ను ముందు పెట్టుకుని ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మ్యాటర్, తర్వాతే డిజైన్

ఏ5 సైజు కాగితం. అంటే 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల ఎత్తు, ఏ4లో సరిగ్గా సగం. పైన కంపెనీ లోగో. దాని కింద పసుపు అంచుతో ఎర్రటి అక్షరాల్లో ‘శుభవార్త! శుభవార్త!!’. ఎడమవైపు ఎగిరే విమానం, కుడివైపు ఇంటర్నెట్ నుంచి దించిన నవ్వుతున్న కుటుంబం. మధ్యలో వంద శాతం వాస్తు, క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్, బ్యాంకు లోను, బ్లాక్ టాప్ రోడ్లు అంటూ పద్నాలుగు పాయింట్లు. మూడు నక్షత్రాల్లో మూడు ఆఫర్లు, కింద ఐదు ఫోన్ నంబర్లు. అన్నిటికంటే కింద, కత్తెర పడే అంచుకు ఆనుకుని, కంటికి ఆనని అక్షరాల్లో అనుమతుల నంబర్లు.

కంప్యూటర్ ముట్టుకోకముందే చేయాల్సిన పని ఒకటుంది. కొనేవాడు అడిగే ప్రశ్నలు రాసుకోవాలి. ప్లాటు ఎక్కడ? గజం ఎంత? ఎన్నెన్ని గజాల ప్లాట్లున్నాయి? అనుమతి ఉందా? ఎవరికి ఫోన్ చేయాలి? పేజీ మోయాల్సిన బరువు ఈ ఐదే. మిగతావన్నీ వీటికి సాక్ష్యాలో, సింగారాలో అవుతాయి. సాక్ష్యమైతే చిన్న అక్షరాల్లో చోటివ్వండి, సింగారమైతే తీసేయండి. ‘శుభవార్త’ అన్న మాట ఈ ఐదింటిలో దేనికీ జవాబు కాదు. అయినా పేజీలో అన్నిటికంటే పెద్దగా ఉన్నది అదే.

పెద్దది, చిన్నది, మధ్యస్థం

ఏది ముందు, ఏది తర్వాత అని సైజుతో, బరువుతో, చోటుతో చెప్పడాన్ని డిజైనర్లు హైరార్కీ అంటారు. మనకిది కొత్త కాదు. గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ చూడండి. తేదీ అంకె గది అవతలి నుంచైనా కనబడుతుంది. ఆదివారాలు, పండుగలు ఎరుపులో ఉంటాయి. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవి కావాల్సినవారు దగ్గరికి వెళ్లి చదువుకుంటారు. అంత చిన్న గడిలో అంత సమాచారం ఇరుకనిపించకుండా ఇమడడానికి కారణం ఈ మూడంతస్తుల వరుసే.

పాత కావ్యాల ప్రతుల్లోనూ ఇదే పద్ధతి. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వంటి ప్రచురణ సంస్థల సవ్యాఖ్యాన కావ్యాలు తెరిస్తే పద్యం పెద్ద అక్షరాల్లో, టీకాతాత్పర్యాలు చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. పద్యం మాత్రమే కావాల్సినవారు పెద్ద అక్షరాల వెంట పోతారు, అర్థం కావాల్సినవారు చిన్న అక్షరాల్లోకి దిగుతారు. ఒకే పేజీ ఇద్దరికీ పనికొస్తుంది.

మన పాంప్లెట్‌కూ మూడు అంతస్తులు చాలు. మొదటిది ‘ఆదిభట్లలో ప్లాట్లు’, పక్కనే గజం ధర, 36 పాయింట్లకు పైన. రెండోది ప్లాట్ల సైజులు, అనుమతి, ఫోన్ నంబరు, 16 నుంచి 18 పాయింట్లు. మూడోది మిగతా వివరాలు, 11 లేక 12 పాయింట్లు. అంతస్తుకూ అంతస్తుకూ తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. హెడ్డింగ్ 14, మ్యాటర్ 12 పెడితే కంటికి అది తేడాగా ఆనదు, పొరపాటున పడినట్టు కనిపిస్తుంది.

డీటీపీ సెంటర్లలో రోజూ వినబడే మాట ఒకటుంది. ‘అన్నా, ఇది జర పెద్దగ పెట్టు. ఫోన్ నంబర్ ఇంకా పెద్దగ. లోగో గూడ పెంచు.’ ఆపరేటర్ అడిగినవన్నీ పెంచుకుంటూ పోతాడు. చివరికి అన్నీ ఒకే సైజుకు వచ్చి, ఏదీ పెద్దగా కనబడదు. అందుకే పెంచమని అడిగే ముందు ‘దేన్ని తగ్గిద్దాం’ అని అడగడం నేర్చుకోవాలి.

సంబంధం ఉన్నవి దగ్గర, లేనివి దూరం

అమెరికన్ రచయిత్రి రాబిన్ విలియమ్స్ 1994లో డిజైనర్లు కానివారి కోసమే ఒక పుస్తకం రాశారు. నాలుగే నాలుగు సూత్రాలు చెప్పారు. సంబంధం ఉన్నవాటిని దగ్గరగా పెట్టడం, అన్నిటినీ ఏదో ఒక గీతకు కట్టుబడేలా పేర్చడం, ఎంచుకున్న పద్ధతినే పేజీ అంతటా పాటించడం, తేడా చూపాల్సినచోట గట్టిగా చూపడం. వీధిలో దొరికే కాగితాల్లో తొంగిచూసే తప్పుల్లో చాలావరకు ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

దగ్గరతనంతో మొదలుపెడదాం. గజం ధర పైనున్న నక్షత్రంలో, ప్లాటు సైజులు ఎడమ పెట్టెలో, ఈఎంఐ వివరం కింద ఉంటే కొనేవాడు మూడుచోట్లా వెతికి మనసులో లెక్క కట్టుకోవాలి. మూడింటినీ ఒకే పట్టికలోకి తెస్తే ఆ శ్రమ తప్పుతుంది. మొదటి వరుసలో 30×50 అడుగులు, 167 గజాలు. రెండో వరుసలో 40×60 అడుగులు, 267 గజాలు. వాటి ఎదురుగా మొత్తం ధర. అంకెలను కుడి అంచుకు కలిపి పేర్చితే ఒకట్లు ఒకట్ల కింద, వేలు వేల కింద పడతాయి. ఎక్కువ తక్కువలు చదవకుండానే తెలుస్తాయి. పట్టిక చుట్టూ మందపాటి గీతలు, గడిగడికీ రంగు అక్కర్లేదు. వరుసల మధ్య సన్నని గీత, అది కూడా లేకుంటే కాస్త ఖాళీ చాలు.

రెండోది అమరిక. మన ఆపరేటర్లకు అలవాటైనది అన్నిటినీ మధ్యకు పేర్చడం. దీనికి మూలం శుభలేఖలో ఉంది. పైన శ్రీరస్తు, శుభమస్తు, మధ్యలో వధూవరుల పేర్లు, కింద ముహూర్తం, వేదిక. వరుసలు పొట్టివి, మాటలు తక్కువ, అందులో ఉన్నది మర్యాద. మధ్య అమరిక అక్కడ నిండుగా ఉంటుంది. పద్నాలుగు పాయింట్లను అదే పద్ధతిలో పేర్చితే ప్రతి వరుసా వేరేచోట మొదలవుతుంది. కన్ను ఒక వరుస ముగించి రెండోదాని మొదలును వెతుక్కోవాలి. జాబితాలకు, పేరాలకు ఎడమ అంచు ఒకే గీత మీద ఉండాలి.

ఈ విషయంలో ఐరోపాలోనూ పెద్ద చర్చే నడిచింది. జర్మన్ డిజైనర్ యాన్ చిహోల్డ్ 1928లో తెచ్చిన పుస్తకంలో మధ్యకు పేర్చే పాత అలవాటును వదలాలని గట్టిగా వాదించాడు. అదే మనిషి 1947 నుంచి 1949 దాకా ఇంగ్లండ్‌లో పెంగ్విన్ పుస్తకాల రూపురేఖలు దిద్దేటప్పుడు మధ్య అమరికనూ చక్కగా వాడాడు. మ్యాటర్ ఏమిటో, ఎవరు ఎలా చదువుతారో చూసుకుని అమరిక ఎంచుకోవాలన్నది అందులోంచి మనం తీసుకోదగ్గ పాఠం.

ఎడమ గీతలు ఎక్కడెక్కడ ఉండాలో ముందే గీసిపెట్టుకునే చట్రాన్ని గ్రిడ్ అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన యోసెఫ్ ముల్లర్ బ్రోక్మన్ 1981లో దీనిమీదే ఒక పుస్తకం రాశాడు. మన ఏ5 కాగితానికి అంత శాస్త్రం అక్కర్లేదు. రెండు పక్కలా 10 మిల్లీమీటర్ల చొప్పున మార్జిన్ వదిలితే 128 మిగులుతుంది. మధ్యలో 4 వదిలితే 62 మిల్లీమీటర్ల కాలమ్‌లు రెండు వస్తాయి. ఏ పెట్టె అయినా, ఏ ఫొటో అయినా ఒక కాలమ్‌ను గానీ రెండింటినీ గానీ నింపాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. ఈ ఒక్క కట్టుబాటుతోనే సగం చిందరవందర పోతుంది. జిల్లా వార్తల పేజీలో డజన్లకొద్దీ వార్తలు గుంపుగా పడకుండా నిలబడేది ఇలాంటి చట్రం మీదే.

ఖాళీ ఎందుకు?

‘ఇంత ఖాళీ ఎందుకొదిలారు, డబ్బులిచ్చి కొన్న కాగితం’ అనేది తరచూ వచ్చే అభ్యంతరం. ఈ ప్రాంతంవారికి దీని జవాబు వెంచర్‌లోనే ఉంది. ఉన్న ప్రతి గజాన్నీ ప్లాటుగా కొట్టి అమ్మితే ఇంటికి వెళ్లే దారి ఉండదు. రోడ్లకు, పార్కుకు స్థలం వదిలితేనే మిగతా ప్లాట్లకు విలువ. పేజీలో ఖాళీ కూడా అదే పని చేస్తుంది. ఏది దేనితో కలిసి ఉందో, ఎక్కడ ఒక విషయం ముగిసి మరొకటి మొదలైందో చెబుతుంది. ధర చుట్టూ వేలెడు ఖాళీ వదిలితే దానికి నక్షత్రం, నీడ, పసుపు అంచు ఏవీ అక్కర్లేదు.

తెలుగు అక్షరానికి దాని లెక్కలు

ఇంతవరకు చెప్పినవి ఏ భాషకైనా వర్తిస్తాయి. డిజైన్ పుస్తకాలు ఎక్కువగా రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిని ఉన్నదున్నట్టు తెలుగు పేజీకి తెస్తే నాలుగైదుచోట్ల బెడిసికొడుతుంది.

మొదటిది వరుసల మధ్య దూరం. పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్ వంటి సాఫ్ట్‌వేర్లు తమంతట తాము అక్షరం సైజుకు 120 శాతం దూరం ఇస్తాయి. 12 పాయింట్ల అక్షరానికి 14.4 అన్నమాట. ఇంగ్లిష్‌కు అది సరిపోవచ్చు. మన అక్షరానికి పైన గుడులు, ఏత్వాలు, కింద వత్తులు ఉన్నాయి. పై వరుసలో ‘రాష్ట్ర’, సరిగ్గా దాని కింద ‘శ్రీశైలం’ పడ్డాయనుకోండి. ట వత్తు, ర వత్తు కిందికి దిగుతాయి, శ్రీ మీది గుడిదీర్ఘం పైకి లేస్తుంది. రెండూ రాసుకుని అక్కడొక నల్లటి మచ్చ ఏర్పడుతుంది. 12 పాయింట్ల తెలుగుకు 17 నుంచి 18 పాయింట్ల దూరం ఇస్తే ఈ గొడవ ఉండదు. చోటు చాలకపోతే మాటలు తగ్గించాలి గానీ వరుసల్ని నొక్కకూడదు.

రెండోది బోల్డ్, రివర్స్. నల్లటి లేదా ముదురు నీలం పట్టీ మీద తెల్లటి అక్షరాలను ప్రెస్సువాళ్లు రివర్స్ అంటారు. అచ్చులో సిరా కాగితం మీద కాస్త వ్యాపిస్తుంది. తెల్లటి సన్నని గీతల్ని చుట్టూ ఉన్న సిరా మింగేస్తుంది. ద, ధ మధ్య తేడా కింది చిన్న గీతే. ప, ఫ మధ్య తేడా కూడా అంతే. 9 పాయింట్ల రివర్స్‌లో ‘ధర’ కాస్తా ‘దర’ అవుతుంది, ‘ఫోన్’ పోయి ‘పోన్’ అవుతుంది. ఈ రెండు మాటలూ లేని పాంప్లెట్ ఉండదు. రివర్స్ పెట్టాలంటే అక్షరం పెద్దగా, ఫాంటు నిండుగా ఉండాలి. చిన్న మ్యాటర్ ఎప్పుడూ తెల్ల కాగితం మీద నల్లగానే ఉండాలి.

మూడోది సాగదీయడం. హెడ్డింగ్ పెట్టెలో పట్టకపోతే కోరల్‌డ్రాలో పక్క అంచు పట్టుకుని నొక్కేయడం, చోటు మిగిలితే అడ్డంగా లాగడం మనవాళ్లకు మామూలు. తెలుగు అక్షరం గుండ్రదనం మీద నిలబడింది. నొక్కితే గుండ్రాలు కోడిగుడ్లవుతాయి, నిలువు గీత ఒక మందం, అడ్డగీత ఒక మందం అవుతుంది. సైజు తగ్గించండి, మాట మార్చండి, లేదా రెండు వరుసలు చేయండి.

నాలుగోది, తేడా చూపడానికి మనకున్న పనిముట్లు వేరు. ఇంగ్లిష్‌లో పెద్ద బడి అక్షరాలున్నాయి, వాలు అక్షరాలున్నాయి. తెలుగులో పెద్ద బడి లేదు, తెలుగును కంప్యూటర్‌లో బలవంతంగా వాల్చితే పడిపోతున్నట్టు ఉంటుంది. మనకున్నవి సైజు, మందం, రంగు, చోటు, మరో ఫాంటు. హెడ్డింగ్‌కు ఒకటి, మ్యాటర్‌కు ఒకటి, మొత్తం రెండు ఫాంట్లు చాలు. సిలికానాంధ్ర ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన వాటిలో రామభద్ర హెడ్డింగ్‌లకు, మండలి చదువుకునే మ్యాటర్‌కు ఉద్దేశించినవి. బాపు చేతిరాతను అనుసరించిన ఫాంట్లు ఆహ్వానాలకు, కబుర్లకు ఒద్దికగా ఉంటాయి. రిజిస్ట్రేషన్ వివరాలను ఆ ఫాంటులో పెడితే మాటకు బరువు తగ్గుతుంది.

చివరగా, తెలుగు మధ్యలో ఇంగ్లిష్ మాటలు వస్తే రెండింటికీ ఒకే పాయింటు సైజు ఇవ్వకండి. చాలా ఫాంట్లలో ఇంగ్లిష్ పెద్దగా కనబడి తెలుగును పక్కకు నెడుతుంది. ఇంగ్లిష్‌ను ఒకటి రెండు పాయింట్లు తగ్గిస్తే వరుస సమంగా ఉంటుంది.

ప్రెస్సుకు పంపే ముందు

స్క్రీన్ మీద రంగు వెలుతురుతో పుడుతుంది, కాగితం మీద సిరాతో. ఫోన్‌లో మిలమిలలాడే ఆకుపచ్చ అచ్చులో కాస్త వాడిపోతుంది. ఆఫ్‌సెట్‌లో నీలం, గులాబీ ఎరుపు, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. చిన్న అక్షరాల నలుపును నాలుగు సిరాల మిశ్రమంగా ఇస్తే, వాటిలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా అక్షరాల చుట్టూ రంగు నీడలు కనిపిస్తాయి. మ్యాటర్‌కు ఒక్క నలుపు సిరానే వాడమనండి.

వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన లోగో అచ్చుకు పనికిరాదు, అది పంపేటప్పుడే నలిగిపోతుంది. అసలు ఫైలును డాక్యుమెంట్‌గా తెప్పించుకోవాలి. ఫొటోలు అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 చుక్కల చొప్పున ఉండాలి. రంగు అంచుదాకా పోవాలంటే కటింగ్ గీతకు అవతల 3 మిల్లీమీటర్లు అదనంగా ఉండాలి. ముఖ్యమైన అక్షరాలు ఆ గీతకు బాగా ఇవతలే ఆగాలి.

మ్యాటర్ యూనికోడ్‌లో ఇస్తున్నారా, అను వంటి పాత పద్ధతి ఫాంట్లలోనా అన్నది కూడా అడగాలి. ఒకదానినుంచి మరొకదానికి మార్చేటప్పుడు వత్తులు, అంకెలు తారుమారయ్యే అవకాశముంది. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు వాడితే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. లేకుంటే వత్తులు అక్షరం కిందికి చేరకుండా విడిపోతాయి. ఊరిపేర్లు, మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రూఫ్‌లో ఒక్కొక్క అక్షరం చొప్పున సరిచూడాలి.

చిన్న అక్షరాల వెనక

ఇక కాగితం అడుగున దాక్కున్న అనుమతుల నంబర్ల సంగతి. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అందరూ రెరా అనేది, 11వ సెక్షన్‌లో ప్రకటన ఎలా ఉండాలో చెప్పింది. ప్రాజెక్టు వివరాలున్న రెరా వెబ్‌సైట్ చిరునామాను ప్రకటనలో ప్రముఖంగా చూపాలి, రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వాలి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసే వెంచర్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంటే సుమారు 600 గజాలు. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి నష్టపోయినవారికి పరిహారం కోరే హక్కును 12వ సెక్షన్ ఇచ్చింది.

‘ప్రముఖంగా’ అన్న షరతును గమనించండి. ఒక సమాచారం పేజీలో ఎంత కనబడాలో చట్టమే చెప్పాల్సి వచ్చింది. అంటే అక్షరం సైజు అందానికి సంబంధించిన విషయంగా మాత్రమే మిగల్లేదు. ‘ఔటర్‌కు 5 నిమిషాలు’ 40 పాయింట్లలో, రిజిస్ట్రేషన్ నంబరు 5 పాయింట్లలో ఉన్న కాగితం అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ ఏది ముఖ్యమో అమ్మేవాడి లెక్కలో చెబుతోంది. ఆ నంబరును రెండో అంతస్తుకు, ధర పట్టిక పక్కకు తెచ్చిన వ్యాపారికి అది నష్టం కాదు. అనుమతి ఉందా అన్నది కొనేవాడి ఐదు ప్రశ్నల్లో ఒకటి, జవాబు అక్కడే దొరికితే ఫోన్ చేయడానికి ధైర్యం వస్తుంది. కొనేవారికీ ఇదే సూచన: పాంప్లెట్ చేతికొస్తే పెద్ద అక్షరాలు వదిలి చిన్నవాటి నుంచి మొదలుపెట్టండి. నంబరు ఉంటే వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. లేకుంటే ఎందుకు లేదో అడగండి.

కాగితం తయారుచేయించేవారు ప్రెస్సుకు ఫైలు పంపే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. మామూలు ప్రింటర్ మీద, అసలు సైజులో, నలుపు తెలుపుల్లో ఒక కాపీ తీయండి. రంగు లేకుండా వరుస నిలబడితేనే అది నిజంగా ఉన్నట్టు. ఆ వ్యాపారంతో సంబంధం లేనివారికి, కుదిరితే చత్వారం వచ్చిన వయసువారికి ఇచ్చి, రెండు క్షణాలు చూడనిచ్చి వెనక్కి తీసుకోండి. ఏం అమ్ముతున్నారు, ఎక్కడ, ఎంతకు అని అడగండి. వారు ‘శుభవార్తేదో ఉంది’ అంటే మళ్లీ మొదటికి రావాలి. ప్లేటు వేశాక దిద్దాలంటే డబ్బులవుతాయి, ప్రింటవుట్ మీదైతే పెన్సిల్ చాలు.